మూతపెట్టిన డ్రమ్ములో ఏం జరుగుతోంది?

గాజువాక జంక్షన్‌లో కాసేపు నిలబడి, వచ్చే పోయే ట్యాంకర్ల వెనక పలకల మీది అంకెలు చదవండి. 1203 అని ఉంటే అందులో ఉన్నది పెట్రోలు. 1202 అయితే డీజిలు. 1005 అమ్మోనియా, 1830 గంధకామ్లం. ఇవి ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘం ప్రమాదకర సరుకులకు ఇచ్చిన నంబర్లు. బండి ఏ దేశంలో తిరిగినా, ఏ భాషవాడు నడిపినా, ఆ నాలుగంకెలు మాత్రం మారవు. మల్కాపురంలో రిఫైనరీ, శ్రీహరిపురంలో ఎరువుల కర్మాగారం, ఇటు ఉక్కు కర్మాగారం, మధ్యలో ఆటోనగర్ షెడ్లు, రేవు సరుకు దింపుకునే కంటెయినర్ యార్డులు. ఈ నంబర్లున్న సరుకు ఇంత దగ్గర దగ్గరగా నిల్వ ఉండే ఊళ్లు మన దేశంలో ఎక్కువ లేవు.

రసాయన పరిశ్రమ అనగానే మన కళ్లముందు కదిలేవి చిమ్నీలు, ఫర్నేసులు, రియాక్టర్లు. గోడౌన్ ఎవరికీ గుర్తురాదు. సరుకు తయారవడం ఒక పని, దాన్ని ఉంచడం పని లేకపోవడం అన్నట్టు చూస్తాం. చదువుకున్న ఇంజనీర్లు ప్లాంటులో ఉంటారు, గోడౌన్‌కు ఒక ఇన్‌చార్జి, ఒక గుమాస్తా, ఫోర్క్‌లిఫ్ట్ డ్రైవరు, కలాసీల జట్టు సరిపోతుందనుకుంటారు. కానీ మన కాలపు పెద్ద రసాయన ప్రమాదాల్ని వరసగా తలచుకోండి. 1984లో భోపాల్, 2015లో చైనాలోని తియాన్‌జిన్, 2020లో మన ఆర్.ఆర్. వెంకటాపురం, అదే ఏడాది బీరూట్. నాలుగింటిలోనూ మనుషుల్ని చంపింది అప్పుడు తయారవుతున్న సరుకు కాదు. తయారైపోయి, ట్యాంకులోనో గోదాములోనో ఊరికే పడి ఉందనుకున్న సరుకు.

ఊరికే పడి ఉండటమనేది రసాయనాలకు లేదు. ఈ అధ్యాయంలో నేను చెప్పదలచుకున్నది అదే.

పల్లెటూరి వాళ్లకు ఈ సంగతి కొత్త కాదు. సరిగా ఆరని గడ్డిని వామి వేస్తే నాలుగు రోజులకు లోపల వేడి పుడుతుంది. చెయ్యి దూర్చి చూస్తే పైన చల్లగా, లోపల కాలిపోతూ ఉంటుంది. తడి ధాన్యం కుప్ప పోస్తే గింజ రంగు మారిపోతుంది. ఎవరూ నిప్పు పెట్టకుండానే వాములు అంటుకున్న సందర్భాలున్నాయి. గడ్డిలోని తేమ వల్ల సూక్ష్మజీవులు పనిచేస్తాయి, వేడి పుడుతుంది. పలచగా పరిస్తే ఆ వేడి గాలిలో కలిసిపోతుంది. కుప్ప వేస్తే బయటికి దారి దొరక్క లోపలే పేరుకుంటుంది. పేరుకున్న వేడి చర్యను ఇంకా తొందరపెడుతుంది.

దీని వెనక ఉన్న లెక్కను 1928 ప్రాంతంలో సోవియట్ శాస్త్రవేత్త నికొలాయ్ సెమ్యోనోవ్ తేల్చాడు. రసాయన చర్యల వేగం మీద చేసిన కృషికి 1956లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఆ లెక్క సారం చిన్నదే. ఒక పాత్రలో చర్య జరుగుతూ ఉంటే పుట్టే వేడి, ఉష్ణోగ్రతతో పాటు విపరీతంగా పెరుగుతుంది. చాలా చర్యలు పది డిగ్రీలు పెరిగితే సుమారు రెట్టింపు వేగం అందుకుంటాయి. పాత్ర గోడల గుండా బయటికి పోయే వేడి మాత్రం అంత జోరుగా పెరగదు. లోపలికీ బయటికీ ఉష్ణోగ్రత తేడా ఎంత ఉంటే అంత, నిదానంగా పెరుగుతుంది. పుట్టేది పోయేదానికన్నా తక్కువగా ఉన్నంతసేపు పాత్ర చల్లగా ఉంటుంది. ఒకసారి దాన్ని దాటిందంటే, ఇక తనను తానే కాచుకుంటూ పైకి పోతుంది. మనం చెయ్యగలిగింది చాలా కొద్ది.

పరిమాణం కూడా ఈ లెక్కలో భాగమే. పాత్ర అన్ని కొలతలూ రెట్టింపు చేస్తే లోపలి సరుకు ఎనిమిది రెట్లవుతుంది, వేడి బయటికి పోయే గోడ వైశాల్యం నాలుగు రెట్లే అవుతుంది. బాటిల్లో క్షేమంగా ఉన్న ద్రవం డ్రమ్ములో కొంచెం తక్కువ క్షేమం, వేల కిలోలీటర్ల ట్యాంకులో ఇంకా తక్కువ. ప్రయోగశాలలో నెలల తరబడి ఏమీ కాలేదన్న ధైర్యాన్ని ట్యాంకు దగ్గరికి మోసుకుపోకూడదు.

ఇప్పుడు మన విశాఖ సంగతికి వద్దాం. గాజువాకకు ఉత్తరాన, గోపాలపట్నం పక్కన ఆర్.ఆర్. వెంకటాపురంలో ఉన్న ఎల్‌జీ పాలిమర్స్ కర్మాగారం పాలీస్టైరీన్ ప్లాస్టిక్ తయారు చేసేది. దానికి ముడిసరుకు స్టైరీన్ అనే ద్రవం, ఐక్యరాజ్యసమితి నంబరు 2055. స్టైరీన్ అణువులకు ఒకదానితో ఒకటి చేయి కలిపి గొలుసుగా మారే గుణం ఉంది. అది ప్లాస్టిక్ కావడమంటే అదే. రియాక్టర్‌లో మనకు కావలసింది ఈ గుణమే. ట్యాంకులో మాత్రం ఇదే వద్దు. కానీ ట్యాంకులో ఉన్నామని అణువులకు తెలియదు. గది ఉష్ణోగ్రత దగ్గర కూడా, చాలా మెల్లగా, అవి కలుస్తూనే ఉంటాయి. కలిసిన ప్రతిసారీ వేడి వదులుతాయి.

దీన్ని ఆపడానికి రెండు కట్లు వేస్తారు. ఒకటి చల్లదనం, ట్యాంకును శీతలీకరణ యంత్రంతో ఇరవై డిగ్రీల చుట్టుపక్కల ఉంచడం. రెండోది టీబీసీ అనే నిరోధకం, పదిలక్షల పాళ్లలో పదో పదిహేనో పాళ్లు కలిపితే చాలు. గొలుసు మొదలవగానే ఈ నిరోధకం అడ్డుపడి తెంచేస్తుంది. కానీ అలా తెంచే క్రమంలో తానూ ఖర్చయిపోతుంది. వేడి పెరిగితే ఇంకా తొందరగా ఖర్చవుతుంది. పైగా అది పనిచెయ్యాలంటే ద్రవంలో కొద్దిగా ఆక్సిజన్ కరిగి ఉండాలి. అంటే టీబీసీ కలిపిన స్టైరీన్‌కు ఒక గడువు ఉంది. ఎవరో ఒకరు నమూనా తీసి, ఎంత మిగిలిందో కొలిచి, తగ్గితే మళ్లీ కలుపుతూ ఉండాలి. ఇది గోడౌన్ పనే. రియాక్టర్ ఆగినా ఆగకూడని పని.

2020 మార్చి 25న లాక్‌డౌన్ వచ్చింది. కర్మాగారంలో ఉత్పత్తి ఆగింది. ఎం6 అనే ట్యాంకులో 1800 టన్నులకు పైగా స్టైరీన్ వాడకం లేకుండా నిలిచిపోయింది. మామూలు రోజుల్లో సరుకు వస్తుంది, పోతుంది, ఎక్కువ కాలం ఒకేచోట ఉండదు. ఇప్పుడు వారాల తరబడి ఉంది, అదీ విశాఖ ఎండాకాలంలో. మే 7 తెల్లవారుజామున 3 గంటల ప్రాంతంలో ట్యాంకు పైభాగం నుంచి ఆవిరి ఎగజిమ్మింది. స్టైరీన్ 145 డిగ్రీల దగ్గర మరుగుతుంది. ట్యాంకు లోపలి వేడి దాన్ని దాటిపోయింది. ఆ ఆవిరి గాలి కన్నా మూడున్నర రెట్లు బరువు, పైకి లేచిపోదు, నేలబారున వీధుల్లోకి పాకుతుంది. నిద్రలో ఉన్న ఊరి మీదికి వచ్చింది. 12 మంది చనిపోయారు. వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు. గేదెలు, ఆవులు, కుక్కలు కట్టుగొయ్యల దగ్గరే, వీధుల్లోనే పడిపోయాయి.

రాష్ట్ర ప్రభుత్వం నీరభ్ కుమార్ ప్రసాద్ అధ్యక్షతన వేసిన ఉన్నతస్థాయి కమిటీ రెండు నెలల్లో నివేదిక ఇచ్చింది. గోడౌన్ నడిపే ప్రతివాళ్లూ ఆ నివేదిక సారాంశం చదివి తీరాలని నా నమ్మకం. అందులో తేలిన సంగతులు ఒక్కొక్కటే ఎంత మామూలుగా ఉంటాయో చూస్తే గుండె జారిపోతుంది. ట్యాంకు ఉష్ణోగ్రత కొలిచే పరికరం అడుగుభాగంలోనే ఉంది, మధ్యలో లేదు, పైన లేదు. శీతలీకరణ యంత్రాన్ని పగలు నడిపి, సాయంత్రం 5 తర్వాత ఆపేసేవారు. ద్రవాన్ని చల్లబరిచి తిరిగి ట్యాంకులోకి పంపే గొట్టాల అమరికను 2019 డిసెంబరులో మార్చారు, దానివల్ల పైద్రవం కిందిద్రవం కలవడం తగ్గిపోయింది. టీబీసీ నిల్వ చాలినంత లేదు. సైరన్ మోగించే బటన్లు గేటు దగ్గర సహా 36 చోట్ల ఉన్నా, ఆ రాత్రి సైరన్ మోగలేదు.

వీటిలో మొదటిదాని దగ్గర కొంచెం ఆగుదాం. వేడెక్కిన ద్రవం తేలికవుతుంది, పైకి చేరుతుంది. చల్లటిది అడుగునే ఉంటుంది. కలిపేవాడు లేకపోతే ట్యాంకులో పొరలు ఏర్పడతాయి. పై పొరలో వేడి ఎక్కువ కాబట్టి అక్కడ నిరోధకం ముందు అయిపోతుంది. నిరోధకం అయిపోయిన చోట గొలుసులు మొదలవుతాయి, వేడి ఇంకా పెరుగుతుంది, ఆ వేడి కూడా పైనే ఉండిపోతుంది. ఇదంతా జరుగుతున్నంతసేపూ అడుగున ఉన్న మీటరు చల్లని అంకెనే చూపిస్తుంది. రిజిస్టరులో రాసిన అంకె అబద్ధం కాదు. అది అడుగుభాగం గురించిన నిజం. ట్యాంకు గురించి అది ఏమీ చెప్పలేదు. లెక్కలు రాసే మనిషి ఎంత నిజాయితీపరుడైనా, ఆ అంకె ఎక్కడిదో తెలియకపోతే ఆ నిజాయితీ ఎవరినీ కాపాడలేదు. వామిలో చెయ్యి దూర్చే రైతు చేసిన పని ఇక్కడ ఎవరూ చెయ్యలేకపోయారు, చెయ్యడానికి ఏర్పాటే లేదు.

ఇంకొకటి. ప్రమాదం జరిగాక, ట్యాంకును అదుపులోకి తేవడానికి గుజరాత్ నుంచి 500 కిలోల నిరోధకాన్ని విమానంలో విశాఖకు తెప్పించారు. ముందే ఒక మూల గదిలో ఉండాల్సిన సరుకు అది. గోడౌన్ ఇన్‌చార్జి లెక్కల్లో ఖరీదైన సరుకు స్టైరీన్, వేల రెట్లు తక్కువ మోతాదులో వాడే టీబీసీ చిల్లర సరుకు. ఖరీదును బట్టి కాక, లేకపోతే ఏమవుతుందన్నదాన్ని బట్టి నిల్వల్ని చూడటం ప్రమాదకర పదార్థాల గోడౌన్‌లో మొదటి పాఠం. సోడా బస్తా, ఇసుక బకెట్, కళ్లు కడిగే నీటి కుళాయి, మాస్కు ఫిల్టర్లు, నిరోధకం. ఇవి ఎన్ని ఉన్నాయి, ఎప్పటివి అన్నది అమ్మే సరుకు లెక్క కన్నా ముందు చూడాలి.

భోపాల్‌లోనూ 40 టన్నుల మిథైల్ ఐసోసయనేట్ ఉన్న ట్యాంకుకు శీతలీకరణ యంత్రం ఉండేది. 1984 జూన్‌లోనే దాన్ని ఆపేశారు, డిసెంబరులో ఏం జరిగిందో లోకానికి తెలుసు. ఊరికే నిల్వ ఉన్నదానికి చల్లదనం ఎందుకన్న ఆలోచన రెండు చోట్లా ఒకటే. నిల్వను పనిగా లెక్కపెట్టనప్పుడు వచ్చే ఆలోచన అది.

ఇంత పెద్ద ట్యాంకుల సంగతి మనకెందుకు, మాది ఆటోనగర్‌లో చిన్న షెడ్డు అనేవాళ్లు ఉంటారు. వాళ్ల కోసం ఒక చిన్న ఉదాహరణ. మన తీరంలో తిరిగే ఫైబర్ బోట్లు తయారుచేసే షెడ్లలో మూడు రకాల డబ్బాలుంటాయి. రెసిన్, క్యాటలిస్ట్, యాక్సిలరేటర్. రెసిన్ ద్రవంగా ఉండటానికి అందులో కలిపేది మళ్లీ మన స్టైరీనే. క్యాటలిస్ట్ సాధారణంగా ఎమ్ఈకేపీ అనే పెరాక్సైడ్. యాక్సిలరేటర్ కోబాల్ట్ లవణం. రెసిన్‌లో ముందు యాక్సిలరేటర్ బాగా కలిపి, ఆ తర్వాత క్యాటలిస్ట్ వేస్తే గట్టిపడి పడవ అవుతుంది. రెసిన్ లేకుండా ఆ రెండింటినీ నేరుగా కలిపితే పేలుతుంది. అందుకే వాటిని ఒకే అలమరలో, పక్కపక్కన, ఒకే కొలతగ్లాసుతో వాడకూడదు. షెడ్డు చిన్నదే, సూత్రం మాత్రం రేవు గోదాములో ఉన్నదే. ఏ సరుకు ఎంత ప్రమాదకరం అన్నది సగం ప్రశ్నే. దాని పక్కన ఏముంది అన్నది మిగతా సగం. ఆమ్లం పక్కన సయనైడ్ ఉండరాదు, కార్బైడ్ దగ్గర నీళ్లు ఉండరాదు, ఆక్సిజన్ ఇచ్చే సరుకు దగ్గర నూనె, రంపపు పొట్టు, గోనెసంచి ఏదీ ఉండరాదు.

ఆక్సిజన్ ఇచ్చే సరుకుల్లో పెద్దది అమ్మోనియం నైట్రేట్. ఎరువుల్లోనూ, గనుల్లో పేలుళ్లకూ వాడతారు. మన దేశానికి దిగుమతయ్యే దానిలో చాలా భాగం ఏళ్ల తరబడి విశాఖ రేవులోనే దిగింది. దాని గుణం తెలుసుకోవాలంటే 1947 ఏప్రిల్ 16న అమెరికాలోని టెక్సస్ సిటీ రేవులో జరిగినదాన్ని చూడాలి. గ్రాండ్‌కాంప్ అనే ఓడ అడుగున అమ్మోనియం నైట్రేట్ బస్తాల్లో మంట కనిపించింది. నీళ్లు పోస్తే సరుకు పాడవుతుందని, గాలి ఆడకుండా మూతలు బిగించి ఆవిరి పంపారు. కట్టెల మంటకైతే ఆ ఉపాయం పనిచేసేది. కానీ అమ్మోనియం నైట్రేట్‌కు బయటి గాలి అక్కర్లేదు, మంటకు కావలసిన ఆక్సిజన్ తన అణువులోనే ఉంది. మూత బిగించడం వల్ల వేడి, పీడనం పెరిగాయి. ఓడ పేలిపోయింది. 500 మందికి పైగా చనిపోయారు. మంట ఆర్పడంలో మంచి ఉద్దేశం, కష్టపడే గుణం రెండూ ఉండీ, సరుకు స్వభావం తెలియకపోతే ఏమవుతుందో అక్కడ కనిపించింది.

తియాన్‌జిన్ గోదాములో 2015 ఆగస్టు 12న మొదట అంటుకున్నది నైట్రోసెల్యులోజ్. దాన్ని తడిగా ఉంచితేనే క్షేమం. ప్యాకింగులోంచి తడి ఆరిపోయింది, కంటెయినర్ లోపల ఎండ వేడి పెరిగింది, తనంతట తానే కాగి అంటుకుంది. పక్కనే వందల టన్నుల అమ్మోనియం నైట్రేట్, మరోచోట సోడియం సయనైడ్. 173 మంది పోయారు, వాళ్లలో సగానికి మించి మంట ఆర్పడానికి వచ్చినవాళ్లు. లోపల ఏముందో వాళ్లకు సరిగ్గా చెప్పేవాళ్లు లేరు. సరుకు జాబితా కాలిపోయే గదిలోనే ఉంటే అది ఎవరికీ పనికిరాదు. ఆ రోజు నిల్వ ఉన్న సరుకుల పేరు, నంబరు, పరిమాణం, ఏ మూల ఉన్నదన్న పటం ఒక ప్రతి గేటు బయట ఉండాలి. ఇందుకు ఖర్చయ్యేది ఒక కాగితం, ఒక పెట్టె, రోజూ మార్చే ఒక మనిషి శ్రద్ధ.

బీరూట్‌లో 2750 టన్నుల అమ్మోనియం నైట్రేట్ ఆరేళ్లు రేవు గోదాములో పడి ఉండి 2020 ఆగస్టు 4న పేలింది. ఆ వార్త వచ్చిన వెంటనే మన దేశంలోనూ రేవులన్నిట్లో వెతుకులాట మొదలైంది. చెన్నై మనలి దగ్గర కంటెయినర్ యార్డులో 2015 నుంచి కస్టమ్స్ వాళ్లు పట్టి ఉంచిన దాదాపు 700 టన్నులు, 37 కంటెయినర్లలో, అప్పుడు బయటపడింది. వేలం వేసి కొద్ది రోజుల్లోనే హైదరాబాద్‌కు తరలించారు. ఐదేళ్లు కదలని ఫైలు ఐదు రోజుల్లో కదిలింది. పట్టుబడిన సరుకు, కేసులో ఉన్న సరుకు, యజమాని దివాలా తీసిన సరుకు, ఎవరూ అడగని సరుకు. గోడౌన్‌లో అన్నిటికన్నా భయపడాల్సింది వీటికే, ఎందుకంటే వీటికి ఎవరూ బాధ్యులు కారు. జట్టు నాయకుడు నెలకోసారి తనను తాను వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటుంది. ఈ గోడలోపల ఎవరిదో తెలియని డ్రమ్ము ఏదైనా ఉందా?

ఇప్పుడు జట్టు గురించి. ప్రమాదకర సరుకుల గోడౌన్‌లో పనిచేసే మనుషులు రకరకాలు. ఇన్‌చార్జికి డిప్లొమా ఉంటుంది. గుమాస్తాకు కంప్యూటరు తెలుసు. ఫోర్క్‌లిఫ్ట్ నడిపేవాడికి తన బండి తెలుసు. కలాసీలు శ్రీకాకుళం నుంచో, ఒడిశా నుంచో వచ్చి కాంట్రాక్టు మేస్త్రీ కింద రోజుకూలికి పనిచేస్తారు. డ్రమ్ము మీద ఇంగ్లీషులో ఉన్న హెచ్చరికను చదవగలిగినవాడు డ్రమ్మును ముట్టుకోడు, ముట్టుకునేవాడు చదవలేడు. గోడౌన్ల అసలు బలహీనత ఇదని నాకనిపిస్తుంది. డ్రమ్ము మీద వజ్రాకారపు బొమ్మలు పెట్టింది చదువు లేకపోయినా అర్థం కావాలనే. మంట బొమ్మ, వలయం మీద మంట ఉన్న బొమ్మ, పుర్రె బొమ్మ, చెయ్యి మీద పడుతున్న చుక్కల బొమ్మ. వలయం మీద మంటంటే ఆక్సిజన్ ఇచ్చే సరుకు, మామూలు మంటబొమ్మ పక్కన దాన్ని పెట్టకూడదు. ఇంత చెప్పడానికి పావుగంట చాలు. చాలా చోట్ల ఆ పావుగంట పేపరు మీద సంతకంగా మారిపోతుంది.

అయినా డ్రమ్ము గురించి ముందు తెలిసేది కలాసీకే. డ్రమ్ము మూత ఉబ్బిందా, పక్కదానికన్నా ఇది వెచ్చగా ఉందా, దొర్లిస్తే లోపల ద్రవం చప్పుడు మారిందా, వాసన కొత్తగా ఉందా, మూత చుట్టూ తెల్లటి పలుకులు కట్టాయా. చివరిది మరీ ముఖ్యం. మందుల కంపెనీలు వాడే ఈథర్, టీహెచ్ఎఫ్ లాంటి ద్రావకాలు గాలి తగిలి చాలాకాలం నిల్వ ఉంటే పెరాక్సైడ్లు పుడతాయి. అవి పలుకులుగా మూత మరల్లో చేరితే, మూత తిప్పే రాపిడికే పేలవచ్చు. అందుకే అలాంటి డ్రమ్ముల మీద తెరిచిన తేదీ రాస్తారు, గడువు దాటితే తెరవరు. పలుకులు చూసిన కలాసీ మూత తిప్పకుండా ఆగి, మేస్త్రీని పిలవాలి. పిలిస్తే ఏమవుతుంది? లారీ ఆలస్యమవుతుంది. ఆలస్యానికి కారణం ఎవరని అడుగుతారు. జట్టుకు ఆ పూట కూలి తగ్గుతుంది. మళ్లీసారి అతను పిలవడు.

ఇన్‌చార్జి పనితనం తేలేది ఇక్కడే. లెక్కలు సరిగ్గా ఉంచడం, లైసెన్సు గోడకు తగిలించడం ఎవరైనా చేస్తారు. పని ఆపినవాడికి ఆ పూట కూలి పోకుండా చూడటం, తప్పుడు అనుమానంతో ఆపినా నలుగురి ముందూ మెచ్చుకోవడం, ఏ గోడౌన్‌లో ఇలా జరుగుతుందో ఆ గోడౌన్‌కు వందమంది కాపలాదారులున్నట్టు. నడుస్తున్న ఫ్యాక్టరీలు భద్రతా వారోత్సవాలు జరుపుతాయి, బ్యానర్లు కడతాయి. నేను వాటిని తీసిపారెయ్యను. కానీ కూలి లెక్క మారకుండా ఏ బ్యానరూ పనిచెయ్యదు.

షిఫ్టు మారే వేళ ఇంకో బలహీనమైన ఘడియ. పగటివాళ్లకు తెలిసినది రాత్రివాళ్లకు తెలియాలి. "అంతా నార్మల్" అన్న రెండు మాటలతో చాలా రిజిస్టర్లు నిండిపోతాయి. ఏ ట్యాంకు ఎన్ని డిగ్రీలుంది, నిన్న ఇదే వేళకు ఎంత, మొన్న ఎంత అని మూడంకెలు పక్కపక్కన రాస్తే, పెరుగుతున్న వేడి ఎవరికైనా కనిపిస్తుంది. ఒక్క అంకె ఏమీ చెప్పదు, వరస చెబుతుంది. సెమ్యోనోవ్ లెక్కలోని పుట్టే వేడి, పోయే వేడిని దాటబోతున్న సంగతి తెలుసుకోవడానికి గోడౌన్ మనిషికి ఉన్న దారి ఇదే. రాత్రి రెండింటికి ఆ అంకె పెరగడం చూసిన మనిషికి ఎవరిని లేపాలో, ఎవరి అనుమతి లేకుండా ఏం చెయ్యవచ్చో ముందే తెలిసి ఉండాలి. సైరన్ మోగించడానికి పైవాళ్ల అనుమతి కావాలనుకునే చోట 36 బటన్లున్నా ఒకటే, ఒకటీ లేకపోయినా ఒకటే.

జట్టు ఎంత గట్టిదైనా, సరుకు ఎక్కువైనకొద్దీ ఒక హద్దు వస్తుంది. మల్కాపురం పాతవాళ్లకు 1997 సెప్టెంబరు 14 ఆదివారం ఉదయం మరపున పడదు. హిందుస్తాన్ పెట్రోలియం రిఫైనరీలో, ఓడ నుంచి గోళాకారపు ట్యాంకుల్లోకి వంటగ్యాస్ ఎక్కిస్తుండగా గ్యాస్ బయటికి వచ్చింది. గాలి కన్నా బరువైన గ్యాస్ నేలమీద పరుచుకుని ఎక్కడో నిప్పు తగిలి అంటుకుంది. ఒక ట్యాంకు మంట పక్క ట్యాంకును కాల్చింది. 60 మంది దాకా చనిపోయారు. ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యాయి.

పదేళ్ల తర్వాత 2007లో విశాఖలోనే, డాల్ఫిన్స్ నోస్ కొండ దగ్గర, వంటగ్యాస్‌ను రాతి లోపల నిల్వ చేసే గుహ పనిలోకి వచ్చింది. పట్టేది 60,000 టన్నులు. అందులో ఇనుప ట్యాంకేమీ లేదు. వంటగ్యాస్‌లోని ప్రొపేన్‌ను మన వాతావరణంలో ద్రవంగా ఉంచాలంటే సుమారు పది వాతావరణాల పీడనం కావాలి. నీరు పది మీటర్ల లోతుకు ఒక వాతావరణం చొప్పున పీడనం కలిగిస్తుంది. కాబట్టి వంద మీటర్లకు మించిన లోతులో రాతి పగుళ్లలో ఉన్న భూగర్భజలం గ్యాస్ కన్నా ఎక్కువ బలంతో లోపలికి నొక్కుతుంది. గ్యాస్ బయటికి పోవాలని చూసినా నీరు పోనివ్వదు, కొద్దిగా నీరు లోపలికి ఊరుతుంది, దాన్ని పంపుతో తోడేస్తారు. అక్కడ గాలి లేదు కాబట్టి మంట లేదు. ఈ గుహను కాపాడేది ఎవరి జాగ్రత్తా కాదు, నీటి బరువు. మనిషి నిద్రపోయినా నీటి బరువు నిద్రపోదు.

1974లో ఇంగ్లండులోని ఫ్లిక్స్‌బరో రసాయన కర్మాగారంలో జరిగిన ప్రమాదం తర్వాత ట్రెవర్ క్లెట్జ్ అనే రసాయన ఇంజనీరు పట్టుబట్టి చెప్పింది ఈ దారి గురించే. కాపలా పెంచడం కన్నా ముందు, అంత సరుకు ఉంచడం అవసరమా అని అడగాలన్నాడు. పదిరోజుల సరుకుతో నడిచే చోట రెండు నెలల సరుకు పెట్టుకోవడం, చవగ్గా దొరికిందని ఓడ నిండా దింపుకోవడం, ఇవి కొనుగోలు విభాగం నిర్ణయాలు. వాటి బరువు పడేది గోడౌన్ మీద. గోడౌన్ ఇన్‌చార్జికి "ఇక చాలు, దించుకోను" అనే అధికారం కాగితం మీద రాసి ఇచ్చిన సంస్థలో నేను నా ఇంటివాళ్లను పనికి పంపుతాను.

భోపాల్ తర్వాత మన దేశంలో చట్టాలు గట్టిపడ్డాయి. 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించారు, 1989లో ప్రమాదకర రసాయనాల తయారీ, నిల్వ, దిగుమతి నియమాలు వచ్చాయి, 2012లో అమ్మోనియం నైట్రేట్‌కు విడిగా నియమాలు పెట్టారు. 1989 నియమాల్లో జనం పెద్దగా పట్టించుకోని ఒక నియమం ఉంది, పదిహేనోది. పెద్ద ప్రమాదానికి అవకాశమున్న రసాయనం నిల్వచేసేవారు, ప్రమాదం జరిగితే దెబ్బతినే అవకాశమున్న చుట్టుపక్కల జనానికి ఆ ప్రమాదం ఎలాంటిదో, తీసుకున్న జాగ్రత్తలేమిటో, ప్రమాదవేళ చెయ్యాల్సినవి, చెయ్యకూడనివి ఏమిటో ముందుగానే తెలియజెయ్యాలి. ఆర్.ఆర్. వెంకటాపురం వాసులకు తడిగుడ్డ ముక్కుకు కట్టుకుని, గాలికి అడ్డంగా పక్కకు పరుగెత్తాలన్న చిన్న సంగతి ముందే తెలిసి ఉంటే కొందరైనా బతికేవారేమో.

మీరు గాజువాకలోనో, పరవాడలోనో, పటాన్‌చెరులోనో ఇలాంటి గోడ పక్కన ఉంటున్నారా? అయితే ఆ పదిహేనో నియమం ప్రకారం మీకు ఇవ్వాల్సిన కాగితం ఏదని ఆ సంస్థనూ, జిల్లా యంత్రాంగాన్నీ రాతపూర్వకంగా అడగండి. కాలనీ సంఘం పేరుతో అడగండి. తెలుగులో ఇమ్మని అడగండి. అడగడం మీ హక్కు, ఇవ్వడం వాళ్ల విధి.